రిమోట్‌ప్రాక్: స్టాప్ రాసినా ఎం4 ఆగట్లేదు, కొత్త ఫర్మ్‌వేర్ పెట్టనివ్వట్లేదు

వంశధార_గట్టు (గుణుపురం, రాయగడ జిల్లా):

అందరికీ నమస్కారం. మా గుణుపురంలో వంశధార నీటిమట్టం కొలిచే ఒక పెట్టె తయారు చేస్తున్నాం. లోపల ఎస్‌టీఎం32ఎంపీ157 బోర్డు ఉంది. ఏ7 కోర్ల మీద లినక్స్ నడుస్తుంది, పక్కనున్న ఎం4 అనే కోప్రాసెసర్ మీద మా ఫర్మ్‌వేర్. ఎం4ని లినక్స్ నుంచి నడిపేదీ ఆపేదీ కెర్నల్‌లోని రిమోట్‌ప్రాక్ (ఆర్‌ప్రాక్) ఫ్రేమ్‌వర్క్. సెన్సర్ పల్స్‌లు లెక్కపెట్టేది ఎం4, ఆ అంకెలు తీసుకుని ఫోన్ నెట్‌వర్క్‌లో పంపేది లినక్స్. పైన కొండల్లో గట్టి వాన పడితే ఏరు చూస్తుండగానే పెరిగిపోతుంది, అందుకే లినక్స్ వైపు ఏం జరిగినా ఎం4 లెక్క ఆగకూడదన్నది మా పట్టుదల.

డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ని కెర్నల్‌కి వివరించే ఫైల్) ఆటో బూట్ పెట్టాం, కాబట్టి బోర్డు లేవగానే ఎం4 కూడా లేస్తుంది. మా సొంత ప్లాట్‌ఫాం డ్రైవర్ ప్రోబ్‌లో (డ్రైవర్ ఎక్కేటప్పుడు నడిచే ఫంక్షన్) ఆర్‌ప్రాక్ హ్యాండిల్, అంటే ఎం4ని సూచించే పాయింటర్, తీసుకుని ఆర్‌ప్రాక్_బూట్ పిలుస్తుంది. డ్రైవర్ తీసేటప్పుడు నడిచే రిమూవ్‌లో, ఆ హ్యాండిల్‌ని వదిలేసే ఆర్‌ప్రాక్_పుట్ మాత్రమే ఉంది, షట్‌డౌన్ కావాలనే పెట్టలేదు, డ్రైవర్ తీసేసినా ఎం4 నడవాలి కదా అని.

సమస్య ఇది. కొత్త ఫర్మ్‌వేర్ పెడదామని సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగులు ఫైళ్లలా కనిపించే చోటు) స్టేట్ ఫైల్‌కి స్టాప్ రాస్తే ఎర్రర్ ఏమీ రాదు, కానీ చదివి చూస్తే ఇంకా రన్నింగ్ అనే ఉంటుంది. ఫర్మ్‌వేర్ పేరు మార్చబోతే బిజీ అంటుంది, నడుస్తుండగా మార్చడం కుదరదని కెర్నల్ లాగ్‌లో పడుతుంది. రెండోసారి స్టాప్ రాస్తే ఆగుతుంది! డ్రైవర్‌ని ఒకసారి తీసి మళ్లీ ఎక్కించాక అయితే మూడుసార్లు రాయాలి. డ్రైవర్ బగ్గా, కెర్నల్ బగ్గా?

పర్లాకిమిడి_కెర్నల్:

తమ్ముడూ, మూడుసార్లు రాయాలన్న ఆ ఒక్క ముక్కతోనే విషయం తెలిసిపోయింది. కెర్నల్ బగ్ కాదు.

ప్రతి ఆర్‌ప్రాక్‌కి పవర్ అనే ఒక కౌంటర్ ఉంటుంది. ఆర్‌ప్రాక్_బూట్ పిలిచిన ప్రతిసారీ అది ఒకటి పెరుగుతుంది. మొదటి పిలుపుకి మాత్రమే ఫర్మ్‌వేర్ నిజంగా లోడ్ అవుతుంది, ఆ తర్వాత వచ్చిన వాళ్లకి సున్నా చెప్పి వెంటనే తిరిగి పంపేస్తుంది. షట్‌డౌన్ కూడా అంతే, పిలిచిన ప్రతిసారీ ఒకటి తగ్గించి, సున్నాకి వచ్చినప్పుడే కోప్రాసెసర్‌ని ఆపుతుంది, లేకపోతే ఎర్రర్ లేకుండానే వెనక్కి వస్తుంది. ఈ ఫ్రేమ్‌వర్క్ 2012లో 3.4 కెర్నల్‌తో వచ్చినప్పటి నుంచీ, ఒకే కోప్రాసెసర్‌ని ఒకటికి మించి డ్రైవర్లు వాడుకోవచ్చన్న లెక్కతోనే ఇలా రాశారు.

ఇప్పుడు నీ దగ్గర చూడు. ఆటో బూట్‌తో ఒకటి, నీ ప్రోబ్‌తో రెండు. డ్రైవర్ తీసేశావు, తగ్గలేదు. మళ్లీ ఎక్కించావు, మూడు. స్టాప్ రాయడమంటే షట్‌డౌన్‌ని ఒక్కసారి పిలవడమే, అందుకే అన్నిసార్లు.

అసలు సంగతేంటంటే, నువ్వు దేనికోసమైతే షట్‌డౌన్ పెట్టలేదో దానికి ఆ జాగ్రత్త అక్కర్లేదు. రిమూవ్‌లో షట్‌డౌన్ పిలిస్తే కౌంటర్ రెండు నుంచి ఒకటికి వస్తుంది, ఆ మిగిలిన ఒకటి ఆటో బూట్‌ది. ఎం4 నడుస్తూనే ఉంటుంది. కొత్త ఫర్మ్‌వేర్ కావాలన్నప్పుడు ముందు డ్రైవర్ తీసి, ఒక్కసారి స్టాప్ రాసి, పేరు మార్చి, స్టార్ట్ రాయి. డ్రైవర్ ఉండగానే స్టాప్ రాస్తే మాత్రం అప్పుడు ఆగదు, తర్వాత డ్రైవర్ తీసినప్పుడు ఆగుతుంది, అది గుర్తుపెట్టుకో.

జయపురం_సర్క్యూట్:

పై అన్న చెప్పింది సరైనదే, రెండు మూడు కలుపుతాను. షట్‌డౌన్ ముందు, పుట్ తర్వాత. పుట్ చేశాక ఆ పాయింటర్ మీద నీకు హక్కు లేదు. ప్రోబ్‌లో బూట్ విఫలమైతే కౌంటర్‌ని రిమోట్‌ప్రాక్ కోర్ (ఫ్రేమ్‌వర్క్ అసలు కోడ్) తనే తగ్గించేసుకుంటుంది, అక్కడ షట్‌డౌన్ పిలవకు, పుట్ ఒక్కటే చాలు. బూట్ అయ్యాక ఇంకేదైనా విఫలమైతే మాత్రం రెండూ కావాలి. చాలా డ్రైవర్లలో కౌంట్ లీక్ అయ్యేది ఈ దారిలోనే, ఎందుకంటే టెస్ట్ చేసేటప్పుడు ఆ దారిలోకి ఎవరూ వెళ్లరు. గోటూ లేబుళ్లతో తంటాలు పడే బదులు డెవ్‌ఎం యాక్షన్లు (డ్రైవర్ వదిలేటప్పుడు కెర్నల్ తనే పిలిచే ఫంక్షన్లు) పెట్టుకోండి. హ్యాండిల్ తీసుకోగానే పుట్‌కి ఒకటి, బూట్ అయ్యాక షట్‌డౌన్‌కి ఇంకొకటి రిజిస్టర్ చేస్తే, వదిలేటప్పుడు తిరగేసిన వరుసలో అవే నడుస్తాయి.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ బూట్, షట్‌డౌన్‌లని ఆర్‌పీమెసేజ్ (లినక్స్‌కీ ఎం4కీ మధ్య మెసేజ్‌లు నడిపేది) డ్రైవర్‌లోకి మాత్రం మార్చకండి, మీలాగే ప్లాట్‌ఫాం డ్రైవర్‌లోనే ఉంచండి. కోప్రాసెసర్ ఆగేటప్పుడు కోర్ తన లాక్ పట్టుకునే ఆర్‌పీమెసేజ్ ఛానెళ్లని తీసేస్తుంది, ఆ రిమూవ్‌లో మళ్లీ షట్‌డౌన్ పిలిస్తే అదే లాక్ కోసం అదే థ్రెడ్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇక కదలదు.

వంశధార_గట్టు:

అన్నా, అక్కా, ఇద్దరికీ థాంక్స్. రిమూవ్‌లో షట్‌డౌన్ పెట్టాను. డ్రైవర్ తీసినా ఎం4 నడుస్తోంది, ఆ తర్వాత ఒక్క స్టాప్‌తో ఆఫ్‌లైన్ అవుతోంది, పేరు కూడా మారుతోంది. ఇంకొకటి అడగాలి. కొత్త ఫర్మ్‌వేర్‌లో మెసేజ్ బఫర్లు పెంచుదామనుకుంటున్నాం, లినక్స్ వైపు కూడా ఏమైనా మార్చాలా? ఎం4 క్రాష్ అయి రికవరీ జరిగితే ఈ కౌంటర్ ఏమవుతుంది?

పర్లాకిమిడి_కెర్నల్:

రికవరీ కౌంటర్‌ని ముట్టుకోదు. ఎం4ని ఆపి, ఫర్మ్‌వేర్ ఫైల్‌ని మళ్లీ తెచ్చి, మళ్లీ మొదలుపెడుతుంది. కానీ ఇమేజ్ అంతా కొత్తగా లోడ్ అవుతుంది కాబట్టి ఎం4 మామూలు వేరియబుల్స్‌లో దాచుకున్న పల్స్ లెక్క పోతుంది, లినక్స్ వైపు తరచుగా తీసుకుని రాసిపెట్టుకోండి.

బఫర్ల విషయంలో జాగ్రత్త. ఎన్ని కావాలో ఫర్మ్‌వేర్‌లోని రిసోర్స్ టేబుల్ (దానికి కావలసిన వాటి పట్టిక) అడుగుతుంది, స్థలం ఇచ్చేది మాత్రం డివైస్ ట్రీలో రిజర్వ్ చేసిన మెమరీ. ఎస్‌టీ ఇచ్చే మామూలు డివైస్ ట్రీలో బఫర్లకి 16 కేబీ ఉంటుంది. ఒక్కో బఫర్ 512 బైట్లు, అందులో 16 హెడర్‌కి పోతే మీకు మిగిలేది 496. అంటే అటు 16, ఇటు 16 బఫర్లతోనే ఆ చోటు నిండిపోతుంది. రిసోర్స్ టేబుల్‌లో ఒక్కోవైపు 32 అని రాసి డివైస్ ట్రీని అలాగే వదిలేస్తే చోటు చాలదు. రెండూ కలిపి మార్చండి, ఎం4 లింకర్ స్క్రిప్ట్‌లో (కోడ్, డేటా ఏ అడ్రసుల్లో ఉండాలో చెప్పే ఫైల్) ఆ అడ్రసుల మీదికి ఇంకేదీ రాకుండా కూడా చూసుకోండి. మొదటిసారి స్టార్ట్ చేశాక డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ డీబగ్ సమాచారం ఫైళ్లలా కనిపించే చోటు) ఆ రిమోట్‌ప్రాక్ కింద రిసోర్స్ టేబుల్, కార్వవుట్ మెమరీల (కోప్రాసెసర్ కోసం విడిగా కేటాయించినవి) ఫైళ్లు ఉంటాయి, అవి తెరిచి కోర్ నిజంగా ఎక్కడ ఎంత ఇచ్చిందో చూసుకున్నాకే పెట్టెని ఏటి గట్టుకి తీసుకెళ్లండి.