హైతీ రేకు శిల్పాల అంచుల్లో తుప్పు ఆగడం లేదు

మా పెద్దవాళ్లు సేకరించిన హైతీ రేకు శిల్పాలను బడులకు, గ్రంథాలయాలకు ప్రదర్శనకు ఇస్తుంటాం. హైతీలోని క్రువా-దే-బుకే అనే ఊరి పనితనం: ఆయిల్ డ్రమ్మును విప్పి చదును చేసి, ఉలి, సుత్తితో కోసి, వార్నిష్ పూసినవి. అక్కడి కమ్మరి జార్జ్ లియోటో మొదలుపెట్టిన పద్ధతి. సుత్తి దెబ్బల గుర్తులు, ఆ నల్లటి మెరుపే వీటి ప్రాణం, అందుకే ఎమరీ పేపర్ వాడను.

తుప్పు ఉలి కోసిన అంచుల్లోనే వస్తోంది. అక్కడ వార్నిష్ పలచగా ఉండి, కిందకు తేమ చేరుతోంది. మెత్తటి బ్రష్‌తో దులిపి, మినరల్ స్పిరిట్‌తో తుడిచి, లోహానికి తేమ తగలకుండా పూసే మైక్రోక్రిస్టలైన్ మైనం పట్టించాను. పెట్టెలో సిలికా జెల్ వేసి తేమ 40 శాతం లోపే ఉంచుతున్నాను. అయినా వానాకాలంలో బయటికి వెళ్లొచ్చిన ప్రతి శిల్పానికీ అవే చోట్ల నారింజ రంగు పొడి. మైనం వార్నిష్ మీదే ఆగిపోతోందని నా అనుమానం.

అంచుల్లో మాత్రమే వార్నిష్ తీసి టానిక్ యాసిడ్ (తుప్పును నల్లటి పొరగా మార్చే ఆమ్లం) పూస్తే, పక్క రేకు రంగు మారకుండా తుప్పు ఆగుతుందా?