పర్లాకిమిడి ఇంట్లో చిమ్నీ గొట్టం: మలుపులు తిప్పాలా, పొయ్యి మార్చాలా?

పర్లాకిమిడిలో కడుతున్న ఇంట్లో వంటగది 10 అడుగులకు 8 అడుగులు. గట్టు ఎల్ ఆకారం, ఎత్తు 33 అంగుళాలు. పొయ్యి తూర్పు గోడకు, సింకు ఉత్తరాన కిటికీ కింద.

చిక్కంతా చిమ్నీతోనే. పొయ్యికి 28 అంగుళాల పైన పెట్టొచ్చు. కానీ తూర్పు గోడ అవతల పక్కిల్లు. 6 అంగుళాల గొట్టం రెండు మలుపులు తిరిగితేగానీ బయటపడదు. మలుపు మలుపుకీ లాగుడు తగ్గుతుంది, పోపుల జిడ్డు లోపలే పేరుకుంటుంది. పొయ్యిని ఉత్తరానికి మారిస్తే గొట్టం నేరుగా పోతుంది, కానీ అత్తయ్యగారికి తూర్పుముఖం వంటే కావాలి, ఆ మాట కాదనలేం. పైగా అప్పుడు సింకు జరపాలి, దాని మురుగు పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు దొరకాలి.



ఇలాంటి గోడతో చిమ్నీ పెట్టించినవాళ్లు ఏది ఎంచుకున్నారు, రెండు మలుపుల గొట్టమా, పొయ్యి మార్చడమా? ప్లాస్టరింగ్ మొదలయ్యేలోపు చెప్పండి.