‘తెలియక అడుగుతాను’, ‘తెలియక అడుగుతున్నాను’

ఈ రెండు వాక్యాలు చూడండి.

“నాకు తెలియక అడుగుతాను, చెప్పిన టైముకి నువ్వు ఎప్పుడైనా వచ్చావా?”

“తెలియక అడుగుతున్నాను, ఈ మాటకు అర్థం ఏమిటండీ?”

మొదటిది ప్రశ్న రూపంలో ఉన్న నిలదీత. జవాబు అడిగేవాడికి ముందే తెలుసు. రెండోదాంట్లో నిజంగానే తెలియకపోవడం ఉంది. తేడా అంతా క్రియ చివర ఉంది. నోటితో అంటే ఆ తేడా కూడా అక్కర్లేదు, గొంతే చెప్పేస్తుంది. రాతలో గొంతు ఉండదు కాబట్టి చదివేవాళ్లే ఒక గొంతు తగిలించుకుంటారు. విసిగిపోయి ఉన్న మనిషికి ఎంత అమాయకమైన ప్రశ్నలోనైనా ఎకసెక్కమే వినిపిస్తుంది, లేదా తెలివితక్కువతనం కనిపిస్తుంది.

రెండేళ్ల కిందట ఒకావిడ నెట్‌లో అందరినీ అడుగుతూ ఇలా రాశారు: “కృతజ్ఞత, కృతఘ్నత రెండూ ఒకటేనా? తెలియక అడుగుతున్నాను.” నేను వెంటనే “ఆ మాత్రం తెలియదా?” అని పెట్టేశాను. కాసేపటికి చూస్తే ఆ ప్రశ్నే లేదు, తీసేశారు. తరవాత నాకు విడిగా రాశారు. చిన్నప్పుడు చదువు కుదరక, పెద్దయ్యాక సొంతంగా అక్షరాలు నేర్చుకున్నారట. తనకు సాయం చేసిన ఒకరికి ఉత్తరం రాస్తూ, ఫోన్ తెర మీద ‘జ్ఞ’, ‘ఘ్న’ పక్కపక్కన కనబడేసరికి ఏది రాయాలో తేలక ఆగిపోయారట. ఆగాల్సిన చోటే ఆగారు. కృతజ్ఞుడు చేసిన మేలు ఎరిగినవాడు, కృతఘ్నుడు చేసిన మేలును చంపేసినవాడు. ఒక్క సంయుక్తాక్షరం మారితే ఆ ఉత్తరం తిట్టు అయిపోయేది. అంత జాగ్రత్త గల మనిషిని నేను ఏమీ రానివాళ్ల కింద జమకట్టాను. ఆ మూడు మాటలు నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉన్నాయి.

అందుకే ‘ఆ మాత్రం’ గురించి చాలా ఆలోచించాను. మాత్ర అంటే కొలత. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మందు మాత్ర కూడా కొలిచి ఇచ్చేదే. మరి ‘ఆ మాత్రం తెలియదా’లో ఉన్న ‘ఆ’ ఎవరి కొలత? అడిగినవాళ్లది కాదు, ఆ మాట అన్నవాడిది. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం ఈ సంగతిని బాగా చూపిస్తుంది. కొందరు అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేళ్లతో కొట్టాలి, ఎదుటివాళ్లు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా పోల్చుకుంటారని కొట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో పోల్చుకోగలిగినవి 3. కొట్టేవాడి తలలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, వినేవాడికి వినబడేది టకటక ఒక్కటే. ఒక సంగతి తెలిశాక, అది తెలియని రోజున మనం ఎలా ఉన్నామో మనకే గుర్తుండదు.

ఇంకొకటి. ‘తెలియదు’ అనేది ఒక విషయం గురించిన మాట. ‘తెలివి లేదు’ మనిషి గురించిన మాట. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి కావడం వల్లనేమో, మొదటిదాన్నుంచి రెండోదానికి ఇట్టే జారిపోతాం. నిజానికి మన వ్యాకరణం చాలా దయగలది. ‘నాకు తెలియదు’ అంటాం, ‘నేను తెలియను’ అనం. ‘నాకు ఆకలేసింది’, ‘నాకు నిద్ర రాలేదు’ లాంటిదే ఇదీ. తెలియడం మన దగ్గరికి వచ్చే సంగతి. ఇంకా రాలేదు, అంతే. భర్తృహరి సుభాషితానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన అనువాదం ‘తెలియని మనుజుని’ అంటూ మొదలవుతుంది కదా. అందులో తెలియనివాడికి సులువుగా చెప్పవచ్చు, తెలిసినవాడికి ఇంకా సులువుగా చెప్పవచ్చు. బ్రహ్మదేవుడి వల్ల కూడా కానిది తెలిసీ తెలియనివాడితోనే. తెలియనివాడిని కవి ఒక్క మాట కూడా అనలేదు.

*

వ్యాఖ్య: బాగా చెప్పారు. కానీ సూర్యరాయాంధ్ర నిఘంటువు, శబ్దరత్నాకరం ఇప్పుడు ఫోన్లోనే చూడొచ్చు. అందులో దొరికేదాన్ని పదిమందినీ అడగడం బద్ధకం కాదంటారా?

జవాబు: బద్ధకంతో అడిగేవాళ్లు ఉన్నారండీ, కాదనను. కానీ ఫలానావారు బద్ధకస్తులని ఒక్క వాక్యం చూసి చెప్పగలమా? నిఘంటువు చూడాలన్నా ముందు అక్షరం గుర్తుపట్టాలి. ఆవిడకు చిక్కు పడిందే అక్షరం దగ్గర. పైగా ఒకరినే అడగడానికీ, అందరినీ అడగడానికీ చాలా తేడా ఉంది. 2015లో బ్రూక్స్, జీనో, ష్వైట్జర్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన పత్రం ప్రకారం, కష్టమైన పనిలో మనల్ని సలహా అడిగినవాళ్లు మన కంటికి మరింత సమర్థులుగా కనబడతారు. అయితే మనల్ని అడగాలి. అడిగింది వేరేవాళ్లనైతే ఆ అభిప్రాయం కలగదు. ‘ఈయనకు నా విలువ తెలుసు’ అన్న తృప్తి అందులో ఉంది మరి. అందరికీ కలిపి వేసిన ప్రశ్నలో ఆ తృప్తి ఎవరికీ దక్కదు. అడిగినవాళ్ల ముఖం తెలియదు, వయసు తెలియదు, అంతకుముందు ఎన్ని పుస్తకాలు తిరగేశారో తెలియదు. కనబడేది వాళ్లకు రాని ఆ ఒక్క సంగతే. తెలిసిన వందా కనబడవు. తీర్పు మాత్రం మనిషి మొత్తం మీద ఇచ్చేస్తాం.

వ్యాఖ్య: అందుకేనేమో నేను ఏది అడిగినా ముందు ‘పిచ్చి ప్రశ్నే అనుకోండి’ అని రాసుకుంటాను. ఎవరో అనేలోపు నేనే అనేసుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

జవాబు: మీరు అలా రాయడం నేను చాలాసార్లు చూశాను. ఇక్కడ నా దగ్గర ఆ ముందుమాట అక్కర్లేదు. నేరుగా అడగండి.

వ్యాఖ్య: అయితే నేరుగానే అడుగుతున్నాను. మీ జవాబు చివర ‘తీర్పు మాత్రం’ అన్నారు. ఇక్కడ కొలత ఏముంది? ‘మాత్రం’, ‘మాత్రమే’ ఒకటేనా?

జవాబు: మంచి చోట పట్టుకున్నారు. ఆ ‘మాత్రం’లో కొలత అర్థం వెనక్కి వెళ్లిపోయింది. అది ఒకదాన్ని మిగతావాటికి ఎదురుగా నిలబెడుతోంది. ‘మాత్రమే’ మిగతావాటిని అసలు లేకుండా చేస్తుంది. ‘నేను మాత్రం అడిగాను’ అంటే తక్కినవాళ్లు ఏం చేశారన్నది పక్కన పెట్టి, నా సంగతి ఇదీ అని. ‘నేను మాత్రమే అడిగాను’ అంటే ఇంకెవరూ నోరు తెరవలేదని.