కేసీ (కర్నూలు-కడప) కాలువ పిల్లకాలువలో గుర్రపుడెక్క కలుపు, ఎట్ల తీయాల?

ప్రశ్న: అన్నా, కర్నూలు పక్కన మాకు రెండెకరాల వరి. సుంకేసుల బ్యారేజీలో నీళ్లు వదిలినా చివరి మడికి అందడం లేదు. నిన్న ఒక్క డెక్క పీకితే మూరెడు నల్లటి వేర్లు, బురద కారుతా వచ్చింది. మందు కొట్టేదా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ నీళ్లే గొడ్లు తాగేది. చచ్చిన డెక్క కుళ్లితే చేపలూ పోతాయి. కాలువ ఎండినప్పుడు, పూత రాకముందే వేర్లతో తీయండి. గట్టున పారేయొద్దు, దూరంగా గుంతలో ఎరువు చేయండి. గింజలు బురదలో ఏండ్లకేండ్లు బతుకుతాయి.

ఇంకొకరు: ఆకుల గుండా ఆవిరయ్యే నీళ్లూ తక్కువేం కాదు. 1980ల్లో బెంగళూరు చెరువుల్లో ఈ డెక్కను తినే నియోకెటినా ముక్కుపురుగులను వదిలారు. నిలిచిన నీళ్లకైతే సరే, మీ కాలువకు మనుషులే దిగాల.

ప్రశ్న వేసినాయన: ఆదివారం పదిమందిమి దిగుతాం అన్నా.