మెకానికల్, ఎలక్ట్రికల్, ప్రోగ్రాం మూడూ కలిసిన యంత్రానికి పేటెంట్ ఏ రంగం కింద అడగాలి?

అంబత్తూరు_గ్రైండర్ (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో నాకు ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. టిఫిన్ సెంటర్లకు, హాస్టళ్ళకు పిండి రుబ్బే పెద్ద గ్రైండర్లను మరమ్మతు చేయడం, అడిగినవారికి కొత్తవి తయారు చేసి ఇవ్వడం మా పని. మినప్పప్పు రుబ్బేటప్పుడు నీరు ఎప్పుడు పోయాలి, ఎంత పోయాలి, ఎక్కడ ఆపాలి అన్నది వంటమాస్టరు చేతి అనుభవం మీదే ఆధారపడి ఉంటుంది. ఆయన సెలవు పెట్టిన రోజు ఇడ్లీ గట్టిపడుతుంది, గారె నూనె పీలుస్తుంది. ఈ ఇబ్బంది తీర్చడానికి నేనూ, బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ ఉద్యోగం చేసే మా బావమరిదీ కలిసి ఒక ఏర్పాటు చేశాం.

పిండి చిక్కబడేకొద్దీ పొత్రాల మీద భారం పెరుగుతుంది, మోటారు తీసుకునే కరెంటు పెరుగుతుంది. అది ఒక హద్దు దాటగానే చిన్న వాల్వు తెరుచుకుని కొద్దికొద్దిగా నీరు వదులుతుంది. పప్పు బరకగా ఉన్నంతసేపు కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటుంది, మెత్తబడ్డాక నిలకడకు వస్తుంది, ఆ నిలకడను గుర్తించి యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. మొదట్లో సాయంత్రాలు లైను వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా కరెంటు పెరిగి, అవసరం లేకపోయినా నీరు పడి పిండి జారైపోయేది. అందుకని వోల్టేజీని కూడా కొలిచి, రెండింటినీ పోల్చాకే వాల్వు తెరిచేలా మార్చాం.

దీనికి పేటెంట్ తీసుకోవాలని ఉంది. అయితే ఒక మిత్రుడు ఇది ప్రోగ్రాం కాబట్టి మన దేశంలో ఇవ్వరని అంటున్నాడు. మరొకరు మోటారు, వాల్వు, సెన్సారు అన్నీ బజారులో దొరికేవే కాబట్టి కుదరదంటున్నారు. మెకానికల్ కింద అడగాలా, ఎలక్ట్రికల్ కిందా, లేక విడివిడిగా మూడు దరఖాస్తులు పెట్టాలా? ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వడపళనిలో తెలిసినవారి టిఫిన్ సెంటరులో ఒక యంత్రాన్ని పరీక్ష కోసం పెట్టి నాలుగు నెలలు దాటింది. డబ్బు తీసుకోలేదు. దీనివల్ల ఏమైనా చిక్కు వస్తుందా?

గిండీ_వాసి (సమాధానం)

మీ ప్రశ్నలో అన్నింటికంటే తేలికైనది రంగం సంగతి, ముందు దానిని పక్కన పెట్టేద్దాం. రంగాన్ని ఎంచుకోవలసిన పని దరఖాస్తుదారుకు లేదు. అంతర్జాతీయ పేటెంట్ వర్గీకరణలో ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది విభాగాలున్నాయి. మీ దరఖాస్తు చదివిన పేటెంట్ ఆఫీసువారే అందులో తగిన సంకేతాలు వేస్తారు, ఒకే దరఖాస్తుకు నాలుగైదు సంకేతాలు పడటం మామూలే. మీకు మాత్రం ఆ సంకేతాలు వెతుకులాటలో ఎంతో పనికివస్తాయి. వంటింటి పరికరాలు ఏ47జే లోనూ, పొడి చేసే, నలగగొట్టే యంత్రాల నియంత్రణ బీ02సీ 25 లోనూ, మోటార్ల నియంత్రణ హెచ్02పీ లోనూ, ద్రవాల చిక్కదనం నియంత్రణ జీ05డీ 24 లోనూ ఉంటాయి. గ్రైండరు అనే మాటతో వెతికితే గ్రైండర్లే కనిపిస్తాయి, కానీ మీ ఆలోచనకు దగ్గరి చుట్టం ఏ రంగుల కర్మాగారంలోనో, కాగితపు గుజ్జు కలిపే తొట్టిలోనో ఉండవచ్చు. దరఖాస్తును పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినరు అక్కడ కూడా వెతుకుతారు కనుక మీరు ముందే వెతకడం మంచిది. పాత పేటెంట్లను వెతికే వెబ్‌సైట్లు ఎస్పాసెనెట్, పేటెంట్‌స్కోప్, మన ప్రభుత్వపు ఇన్‌పాస్ మూడూ ఉచితమే.

ఇక బజారులో దొరికే భాగాలన్న అభ్యంతరం. మన పేటెంట్ చట్టంలో వేటికి పేటెంట్ ఇవ్వకూడదో చెప్పేది 3వ సెక్షను. అందులోని 3(ఎఫ్) కాదనేది ఎలాంటి కూర్పునంటే, తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టగా అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎవరి పాత పని అవి చేసుకుపోయేదానిని. గ్రైండరు మూతకు గడియారం బిగిస్తే అది ఆ కోవలోకి వస్తుంది. మీ యంత్రంలో పిండి చిక్కదనం మోటారును, మోటారు వాల్వును, వాల్వు తిరిగి పిండిని నడిపిస్తున్నాయి. ఈ సంబంధాన్ని దరఖాస్తులో స్పష్టంగా రాస్తే 3(ఎఫ్) అభ్యంతరానికి జవాబు ఉంటుంది. అమెరికాలో రాబర్ట్ కెర్న్స్ అనే ఇంజనీరుకు వాన తుంపరలో ఆగి ఆగి తుడిచే కారు వైపరు మీద 1967లో పేటెంట్ వచ్చింది. ఆ వలయంలో ఉన్నవి రెసిస్టరు, కెపాసిటరు, ట్రాన్సిస్టరు. ఆయన దావా వేసినప్పుడు, అన్నీ అంగట్లో దొరికేవే కదా అని ఫోర్డ్ కంపెనీ వాదించినా, 1990లో జ్యూరీ ఆయన వైపరు పేటెంట్లు చెల్లుతాయనే తేల్చింది.

అంతమాత్రాన కూర్పు ఉన్న ప్రతిదానికీ పేటెంట్ వస్తుందని కాదు. మన సుప్రీంకోర్టు 1978 డిసెంబరులో తేల్చిన మీర్జాపూర్ గిన్నెల కేసు మీ వృత్తికి దగ్గరిది, తప్పక చదవండి. పాత్రలను లేత్ మీద తిప్పి చెక్కేటప్పుడు జారిపోకుండా పట్టి ఉంచే సాధనానికి ఒక సంస్థ 1951లో దరఖాస్తు చేసి పేటెంట్ తీసుకుంది. హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్, అడాప్టరు అనే లేత్ భాగాలన్నీ ఎప్పటినుంచో వాడుకలో ఉన్నవే, అక్కడ జరిగిన మార్పు నేర్పరి అయిన పనివాడు తన పనిలో భాగంగా చేసుకోగలిగినదేనని కోర్టు ఆ పేటెంటును చెల్లదంది. కొత్తగా ఉండటం, పనికిరావడం మాత్రమే చాలవు, ఆ పని తెలిసిన సామాన్య నిపుణుడికి సులభంగా తట్టనిదై ఉండాలి.

ఈ కొలతతో చూస్తే మీ యంత్రంలో బలమైనది మీరు చివరిలో చెప్పిన వోల్టేజీ సంగతి. కరెంటు పెరిగితే నీరు వదలడం చాలామందికి తడుతుంది, పాత పత్రాలలో దొరికినా నేను ఆశ్చర్యపోను. కరెంటు పెరగడానికి పిండి కారణమా, లైను కారణమా అని విడదీసి, పిండి కారణమైతేనే వాల్వు తెరవడం, దానికి తోడు ఎగుడుదిగుడు తగ్గడాన్ని బట్టి మెత్తదనాన్ని పోల్చుకోవడం అంత సులభంగా తట్టేవి కావు. దరఖాస్తును ఆ రెండింటి చుట్టూ కట్టండి. మూడు దరఖాస్తులు అక్కరలేదు, ఒకే ఆవిష్కరణ కనుక ఒకటి చాలు. కాకపోతే మీ ఇద్దరి పేర్లూ ఆవిష్కర్తలుగా ఉండాలి.

కోరమంగళ_ఫర్మ్‌వేర్ (సమాధానం)

పై సమాధానంతో ఏకీభవిస్తూ, ప్రోగ్రాం గురించి మాత్రం రాస్తాను. బెంగళూరులో మేమంతా రోజూ తలపట్టుకునే విషయం ఇదే. అదే 3వ సెక్షనులోని 3(కె) నిషేధించేది గణిత పద్ధతిని, వ్యాపార పద్ధతిని, అల్గారిథాన్ని, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాంను. 'కేవలం' అన్న షరతు 2002 సవరణతో వచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబరులో ఫెరీద్ అల్లానీ కేసులో, సాంకేతిక ఫలితం ఉన్న ఆవిష్కరణను అందులో ప్రోగ్రాం ఉందన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని చెప్పింది. కార్లు, వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌ల వంటివాటిలో కూడా ఇప్పుడు ప్రోగ్రాములున్నాయని ఆ తీర్పే ప్రస్తావించింది. మీ గ్రైండరు ఆ వరుసలోకి నిశ్చింతగా వస్తుంది.

అయితే రాసే తీరులో జాగ్రత్త అవసరం. మీ బావమరిదిగారు మా వృత్తివారే కనుక, కరెంటు నమూనాలను తీసుకుని, సగటు కట్టి, విచలనాన్ని ఒక హద్దుతో పోల్చే పద్ధతి అంటూ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. అలా రాస్తే అది అల్గారిథంలాగే కనిపిస్తుంది. తొట్టి, పొత్రాలు, మోటారు, కరెంటు సెన్సారు, వోల్టేజీ సెన్సారు, వాల్వు ఉన్న యంత్రం అంటూ మొదలుపెట్టి, నియంత్రికను అందులో ఒక భాగంగా చెప్పి, ఫలితాన్ని పిండి రూపంలో చూపండి. ఒకే పప్పును, ఒకే నానుడు సమయంతో, తక్కువ వోల్టేజీలోనూ మామూలు వోల్టేజీలోనూ రుబ్బి, ప్రతిసారీ ఎంత నీరు పడిందో, మోటారు ఎంత వేడెక్కిందో పట్టిక వేయండి. అలాంటి పట్టిక ఒక్కటి ఉంటే 3(కె) అభ్యంతరానికి జవాబు రాయడం చాలా సులువవుతుంది.

పాత_లేత్ (సమాధానం)

నేను కొంచెం చల్లనీళ్ళు చల్లే మాట చెబుతాను, కోప్పడకండి. పేటెంట్ రావడం ఒక ఎత్తు, అది అక్కరకు రావడం మరొక ఎత్తు. మన చెన్నైలోనే నడిచిన బజాజ్, టీవీఎస్ వ్యాజ్యాన్ని చూడండి. చిన్న ఇంజనులో రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టే ఏర్పాటుకు బజాజ్ 2002లో దరఖాస్తు చేసి 2005లో పేటెంట్ పొందింది. రెండు ప్లగ్గులు అప్పటికే విమానాల ఇంజన్లలోనూ, కార్లలోనూ ఉన్నాయి కనుక, క్లెయిములో, అంటే హక్కు ఎంతవరకో చెప్పే వాక్యంలో, సిలిండరు వ్యాసం 45 నుంచి 70 మిల్లీమీటర్ల మధ్య అని హద్దు గీసుకోవలసి వచ్చింది. 2007 చివరిలో టీవీఎస్ రెండు ప్లగ్గుల ఫ్లేమ్ బండిని తెచ్చింది. మద్రాసు హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2008 ఫిబ్రవరిలో దానిని ఆపింది, 2009 మేలో ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును ఎత్తివేసింది, అదే ఏడాది సెప్టెంబరులో విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తమ ఇంజనులో మూడు వాల్వులున్నాయని, బజాజ్‌ది రెండు వాల్వులదని టీవీఎస్ వాదన. అంత పెద్ద కంపెనీలకే ఇన్నేళ్ళు పడితే, అంబత్తూరు షెడ్డువాడు ఎన్నేళ్ళు తిరగగలడో ఆలోచించుకోవాలి.

రెండవది. మీరు కరెంటు అని రాస్తే, ఎదుటివాడు కరెంటు కొలవడు. షాఫ్టు దగ్గర వేగం కొలిచే సెన్సారు పెడతాడు, అదే పని అయిపోతుంది. ఆవిరి ఇంజనుకు క్రాంకు బిగించే ఏర్పాటు మీద 1780లో పికార్డ్ అనే ఆయన పేటెంట్ తీసుకుంటే, జేమ్స్ వాట్ దాని జోలికి పోకుండా మరుసటి ఏడే పళ్ళచక్రం చుట్టూ పళ్ళచక్రం తిరిగే ఏర్పాటుతో పని కానిచ్చాడు. క్రాంకేమో కాలితో తొక్కే లేత్‌లలో అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచే ఉంది! దారి మూస్తే పక్కదారి వెతికేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

నన్నడిగితే ఆ డబ్బుతో మరి నాలుగు యంత్రాలు తయారు చేసి మార్కెట్టులో ముందుండటమే మేలు.

అంబత్తూరు_గ్రైండర్

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాత_లేత్ గారి మాటలో నిజం ఉంది, కానీ ఈ యంత్రాన్ని మేము పెద్ద ఎత్తున తయారు చేయలేము. కోయంబత్తూరులో ఒక తయారీదారు ఆసక్తి చూపుతున్నారు, కాగితం ఏదీ లేకుండా ఆయన ముందు లోపలి సంగతి విప్పడం ఇష్టం లేకనే అడిగాను. వడపళని యంత్రం సంగతి, ఖర్చు సంగతి కూడా దయచేసి చెప్పగలరు.

గిండీ_వాసి

ఆ పరిస్థితిలో పేటెంట్ దరఖాస్తు పెట్టడమే సరైనదని నా అభిప్రాయం. అది కోర్టుకు వెళ్ళడానికి కాదు, లైసెన్సు ఒప్పందంలో అప్పగించడానికి ఒక ఆస్తి ఉండటానికి.

వడపళని విషయంలో పేటెంట్ చట్టం 32వ సెక్షను మీకు కొంత ఆసరా. దరఖాస్తు తేదీకి ముందు ఏడాదిలోపు, సముచితమైన పరీక్ష కోసమే, ఆ ఆవిష్కరణ స్వభావాన్నిబట్టి బహిరంగంగా నడపవలసిన అవసరం ఉండి నడిపితే, ఆ కారణంగా కొత్తదనం పోదు. రోజంతా ఆగకుండా రుబ్బే టిఫిన్ సెంటరు భారం మీ షెడ్డులో దొరకదు కనుక అవసరం ఉందని చెప్పుకోవచ్చు. కానీ ఏడాది గడువు మాత్రమే చూసుకుని ధీమాగా ఉండకండి. పరీక్ష కోసమే అని ఆ యజమానితో ఇప్పుడైనా ఒక ఉత్తరం రాయించుకోండి, రోజువారీ కొలతలు పుస్తకంలో రాసి ఉంచండి, ఒక్క యంత్రాన్ని కూడా అమ్మకండి, వీడియోలు పెట్టకండి. యూరప్‌లో ఇలాంటి వెసులుబాటు లేదు కనుక అక్కడ పేటెంట్ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

ఖర్చుకు వస్తే, వ్యక్తులుగా ఆన్‌లైన్‌లో పెడితే దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. ముప్ఫై పుటలు, పది క్లెయిములు దాటితే అదనం. దరఖాస్తును పేటెంట్ ఆఫీసువారు పరిశీలించాలని కోరడానికి రుసుము 4,000 రూపాయలు, ఆ పరిశీలనను 31 నెలలలోపు అడగాలి. ఏజెంటు ఫీజు వేరు, క్లెయిములు రాయించడానికి మాత్రం ఆ ఖర్చుకు వెనకాడవద్దు. ముందు ప్రొవిజనల్ స్పెసిఫికేషన్, అంటే తాత్కాలిక వివరణ పత్రం పెట్టండి, అందులో క్లెయిములు అక్కరలేదు, పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలలు గడువు దొరుకుతుంది. అయితే ప్రొవిజనల్‌లో లేని సంగతికి ఆ తేదీ వర్తించదు కనుక, వోల్టేజీ పోలికను, నిలకడ గుర్తింపును, పాత_లేత్ గారు చెప్పిన వేగం సెన్సారును కూడా మొదటి రోజే అందులో వివరించండి. ప్రధాన క్లెయిములో కరెంటు అనకుండా మోటారు మీది భారాన్ని తెలిపే సంకేతం అని రాయించి, కరెంటును, వేగాన్ని కింది క్లెయిములలో విడిగా పేర్కొంటే ఆయన భయం సగం తీరుతుంది. అంత విశాలంగా రాస్తే పాత పత్రం ఏదైనా అడ్డుపడవచ్చు. అప్పుడు వోల్టేజీ పోలిక దగ్గరికి వెనక్కి తగ్గడానికి వీలుంటుంది.

చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి దక్షిణాది రాష్ట్రాలన్నీ వస్తాయి కనుక మీ బావమరిది బెంగళూరులో ఉండటం అడ్డంకి కాదు. కోయంబత్తూరు వారితో మాట్లాడేది దరఖాస్తు నంబరు చేతికి వచ్చిన తరువాతే. అప్పుడు కూడా గోప్యత ఒప్పందం మీద సంతకం అయ్యాకే కంట్రోలు పెట్టె మూత తీయండి.