తమ్ముడికి రక్తం తక్కువ, ఐరన్ మాత్రం విపరీతం: బీ6 విటమిన్ వాడినవాళ్లు ఉన్నారా?

సత్తుపల్లి అక్క:
మా తమ్ముడికి 34 ఏళ్లు, ఎలక్ట్రీషియన్. ఇంటర్ చదివేటప్పటి నుంచీ హిమోగ్లోబిన్ 8 దాటలేదు. ఎవరికి చూపించినా ఐరన్ మాత్రలే రాశారు. ఆరేళ్లు మింగాడు. అమ్మ తోటకూర, బీట్‌రూట్, ఖర్జూరం కొసరి కొసరి పెట్టేది. మొన్న హైదరాబాద్‌లో ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే 1,460! తలసేమియా లేదన్నారు. ఎముక మజ్జ పరీక్ష చేసి సిడరోబ్లాస్టిక్ అనీమియా అని తేల్చారు, జన్యు పరీక్షలో ఏఎల్ఏఎస్2 అనే జన్యువులో లోపం కనిపించింది. బీ6 మొదలుపెట్టి, ఐరన్ ముట్టుకోవద్దన్నారు. అప్పట్నుంచి అమ్మ అన్నం సరిగా తినట్లేదు, నా చేత్తో నేనే విషం పెట్టానని ఏడుస్తోంది. ఒంట్లో అంత ఐరన్ ఉంటే రక్తం ఎందుకు పట్టదు?

స్లైడ్ల రమణ:
నేను ల్యాబ్‌లో మజ్జ స్లైడ్లు చూస్తాను. ప్రష్యన్ బ్లూ రంగు వేస్తే, ఎర్రకణం కావాల్సిన పిల్లకణంలో కేంద్రకం చుట్టూ నీలం చుక్కలు పూసలదండలా కనిపిస్తాయి. అది మైటోకాండ్రియాలో ఇరుక్కుపోయిన ఐరన్. హీమ్, అంటే హిమోగ్లోబిన్‌లో ఐరన్ ఉండే భాగం, దాని తయారీ మొదలయ్యేది అక్కడే. ఆ మొదటి పని చేసే ఎంజైమ్ ఏఎల్ఏఎస్2 జన్యువు నుంచి వస్తుంది. అది మందగిస్తే ఐరన్ వచ్చి కూర్చుంటుందే గానీ రక్తంగా మారదు. ఆ ఎంజైమ్‌కి బీ6 తోడు కావాలి, అందుకే ఇస్తారు. అమ్మగారికి చెప్పండి, తోటకూర వల్ల కాదు. ఈ జబ్బులో పేగులే అవసరానికి మించి ఐరన్ లాగేస్తాయి. మాత్రలు దానికి తోడయ్యాయి, అంతే.

నెల్లూరు 47:
నాదీ ఇదే జబ్బు. బీ6తో మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 7.2 నుంచి 10.4కి వచ్చింది. అందరికీ పనిచేయదు, టెన్షన్ పడకుండా చూడండి. డోసు మాత్రం సొంతంగా పెంచొద్దు, ఎక్కువైతే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. హిమోగ్లోబిన్ కాస్త నిలబడ్డాక నాకు అప్పుడప్పుడు రక్తం తీసి ఐరన్ తగ్గించారు. లివర్, గుండె కూడా చూపించండి. ఇది ఎక్స్ క్రోమోజోమ్‌తో, అంటే మగవాళ్లకి తల్లి నుంచి వస్తుంది. మా మేనమామకీ ఉంది. అక్కా, మీరూ పరీక్ష చేయించుకోండి. ఆడవాళ్లలో కొందరికి పెద్ద వయసులో బయటపడుతుంది.

సత్తుపల్లి అక్క:
రమణగారూ, మీరు రాసింది అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. తోటకూర మాట దగ్గర మళ్లీ చదవమంది. మా పెద్ద మామయ్యా ఎప్పుడూ పాలిపోయి ఉండేవాడట, పచ్చకామెర్లని పసరు పోయించారట. సోమవారం అమ్మా నేనూ పరీక్షకి రక్తం ఇవ్వడానికి వెళ్తున్నాం.