కుట్లు పడిన గాయాన్ని ఓషా ఫారంలో ఎవరు రాయాలి?

ప్రశ్న: అమెరికాలో మాది చిన్న నిర్మాణ సంస్థ. సిబ్బందిని సరఫరా చేసే ఏజెన్సీ పంపిన కార్మికుడి అరచేయి రేకు అంచు తగిలి తెగగా కుట్లు వేశారు; మరునాడే ఆయన పనిలోకి వచ్చారు. పని దినం పోలేదు కాబట్టి ఓషా (పనిచోట భద్రతను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) 300 ఫారంలో, అంటే పనిలో అయిన గాయాల చిట్టాలో, రాయనక్కర్లేదని మా సూపర్‌వైజరు, రాసినా ఏజెన్సీయే రాసుకోవాలని అకౌంటెంటు అంటున్నారు. ఏది సరైనది?

జవాబు 1: రెండూ సరికావు. పని దినం పోకపోయినా, ప్రథమ చికిత్సను మించిన వైద్యం జరిగితే నమోదు తప్పనిసరి. గాయం కడిగి కట్టు కట్టడం, అంటుపట్టీలతో అంచులు దగ్గరకు చేర్చడం ప్రథమ చికిత్స కిందికి వస్తాయి గానీ, కుట్లు వేసినా, జిగురుతో అతికించినా అది వైద్య చికిత్సే. జీతం ఏజెన్సీ ఇచ్చినా, రోజువారీ పని చెప్పి పర్యవేక్షించేది మీరైతే రాయవలసింది మీరే. సమాచారం అందాక, సెలవులతో కలిపి 7 రోజులలోపు 300 ఫారం, ఒక్కో ప్రమాదం వివరాలు రాసే 301 ఫారం రెండూ పూర్తి చేయాలి.

జవాబు 2: పై జవాబుకు ఒక చేర్పు. గత ఏడాది పొడవునా మీ సంస్థ మొత్తంలో ఏనాడూ 10 మందికి మించి ఉద్యోగులు లేకపోతే, సాధారణంగా ఈ ఫారాలు అక్కర్లేదు. అయితే మరణాన్ని 8 గంటలలోపు, ఇన్‌పేషెంటుగా చేరడం, అవయవం తెగిపోవడం, కన్ను పోవడం వంటివాటిని 24 గంటలలోపు ఓషాకు తెలియజేసే బాధ్యత ఎంత చిన్న సంస్థకైనా ఉంటుంది.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలు. మేము అంతకంటే ఎక్కువ మందిమే. రాస్తే తప్పు మాదేనని ఒప్పుకున్నట్టు అవుతుందా?

జవాబు 1: కాదు. నమోదు చేసినంత మాత్రాన తప్పు ఎవరిదో తేలినట్టు కాదు. 301లో మాత్రం ‘రేకు తగిలింది’ అని తేల్చేయకుండా, రేకును ఎలా పట్టుకున్నారో, చేతికి తొడుగు ఉందో లేదో కూడా రాయండి.